ముప్పై రెండు ఫోన్లు

శ్రీవిద్య ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసరికి రైలు చివరి పెట్టె మాత్రమే కనిపించింది.

రేపల్లె నుంచి తెనాలి వెళ్లే పొద్దుటి ప్యాసింజరు సరిగ్గా టైముకి కదిలిపోయింది.

ఆమె ఫోన్లో మెసేజ్ ఇంకా అలాగే ఉంది. 'బండి ముప్పావుగంట లేటు. నిదానంగా రండి.'

అలా నిదానంగా వచ్చినవాళ్లు మరో ఎనిమిది మంది ఉన్నారక్కడ.

"చూశావా అమ్మాయ్, ఆ మెసేజ్ పెట్టిన మన రైల్వే మంత్రిగారి నిర్వాకం!" అన్నాడు రోజూ అదే బండిలో వెళ్లే నరసింహారావు మాస్టారు, ఆయాసపడుతూ.

అది 2009, ఎస్సెమ్మెస్ గ్రూపుల రోజులు. ఒక నంబరుకి మెసేజ్ పెడితే గ్రూపులో చేర్చేవారు. ఆ తర్వాత ఎవరు ఏం రాసినా అందరి ఫోన్లకీ పైసా ఖర్చు లేకుండా వచ్చేది. 'రేపల్లె ప్యాసింజర్' గ్రూపులో ముప్పై రెండు మంది ఉన్నారు. ఏ కోచింగ్ మంచిది, ఎవరి దగ్గర పాత పుస్తకాలున్నాయి, ఎక్కడ ఖాళీలున్నాయి, అన్నీ అందులోనే తెలిసేవి. బాపట్లలో ఓ కాలేజీకి పర్మనెంటు లెక్చరర్ కావాలన్న కబురు శ్రీవిద్యకి అందులోనే తెలిసింది. ఆరేళ్లుగా తెనాలిలో గంటకింతని పాఠాలు చెప్పే మనిషికి అది చిన్న కబురు కాదు.

గ్రూపు పెట్టినవాణ్ని ఎవరూ చూడలేదు. పేరు శివనాగరాజు. ఉండేది వేమూరు రైలు గేటు దగ్గర.

తెనాలి నుంచి వచ్చే బండి వేమూరు దాటగానే అతని మెసేజ్ వచ్చేది. రేపల్లె చేరాక అదే బండి వెనక్కి తిరగాలి. అది ఎంత లేటుగా వస్తే అంత లేటుగా బయల్దేరుతుంది. ఏడాదిగా అతని లెక్క తప్పలేదు. రైల్వే ఉద్యోగేనని అందరి నమ్మకం.

శ్రీవిద్య ఫోన్ చేసింది.

"ఏంటండీ ఇది? మీ మాట నమ్మి వస్తే బండి వెళ్లిపోయింది!"



"ఎవరైనా పరుగెత్తారామ్మా? ఎవరికీ ఏం కాలేదు కదా?"

"మా పీరియడ్లు పోయాయి. ఇంకేం కావాలి?"

"తప్పు నాదేనమ్మా. రేపల్లెలో నిన్నటి నుంచే ఇంకో ఖాళీ బండి ఆగి ఉందట. దాన్ని టైముకి పంపేశారు. నాకు తెలీలేదు."

"రైల్వేలో పనిచేస్తూ అదీ తెలీదా?"

"నేను రైల్వేలో లేనమ్మా."

"మరేం చేస్తారు?"

ఫోన్ పెట్టేశాడు.

స్టేషన్ బయట షేర్ ఆటోవాడు "తెనాలి, తెనాలి" అని అరుస్తున్నాడు. మాస్టారు అటు చూసి తల పంకించాడు.

"రైల్వే కాదట! ఇంకేముంది, ఆటోల మనిషే. బండి లేటంటే జనం రోడ్డు మీదికొస్తారు. వాడికి సీట్లు నిండుతాయి."

శ్రీవిద్యకి ఆ మాట అతికినట్టు సరిపోయింది. ఆ సాయంత్రమే గ్రూపులో రాసింది. 'ఇతను ఆటోల మనిషి. అందరూ బయటికి వచ్చేయండి.'

రెండు రోజుల్లో గ్రూపులో అతనొక్కడే మిగిలాడు.

మూడు వారాలు గడిచాయి. బాపట్ల కాలేజీ నుంచి ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. పదింటికల్లా అక్కడుండాలి. ప్యాసింజర్లో తెనాలి చేరితే బాపట్లకి వెంటనే రైలుంది.

ఆ రోజు తెల్లవారి లేచేసరికి ఈదురుగాలి, వాన.

చెప్పులు వేసుకుంటుంటే ఫోన్ మోగింది. శివనాగరాజు! కట్ చేసింది. మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేసింది. మూడోసారి ఎత్తింది.

"అమ్మా, బండెక్కొద్దు. బస్సుకి..."

"మీ ఆటో బేరాలు నా దగ్గరొద్దు. ఇంకెవర్నైనా చూసుకోండి."

ఫోన్ ఆపేసింది.

ప్యాసింజరు టైముకే కదిలింది. 'ఎంత అబద్ధం!' అనుకుంది శ్రీవిద్య, కిటికీ పక్కన సర్దుకుని కూర్చుంటూ.

వేమూరు గేటు ఇంకా ఫర్లాంగు దూరం ఉందనగా బండి ఆగింది. గేట్‌మన్ ఎర్రజెండా పట్టుకుని నిలబడ్డాడు. అతని వెనక పట్టాలకి అడ్డంగా పెద్ద నిద్రగన్నేరు చెట్టు.

"రెండు గంటలు పడుతుందండి" అన్నాడు గార్డు.

శ్రీవిద్య చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పట్టాల పక్కనే గేటు దాకా నడిచింది. రోడ్డు మీద నీళ్లు. బస్సు జాడ లేదు. తొమ్మిదిన్నరకి బాపట్ల కాలేజీకి ఫోన్ చేసింది.

"పది దాటితే రానక్కర్లేదన్నారండి" అన్నాడు గుమాస్తా.

ఫోన్ బ్యాగులో పడేసి గేట్‌మన్ దగ్గరికి వెళ్లింది.

"శివనాగరాజంటే ఎవరు బాబాయ్?"

అతను పట్టాల పక్కనున్న రేకుల ఇల్లు చూపించాడు.

గుమ్మంలో ఒకామె వాననీళ్లు ఊడుస్తోంది. పేరు సుశీల. శివనాగరాజు భార్య.

"మీరు గ్రూపు వాళ్లా అమ్మా? పూర్తిగా తడిసిపోయారే! లోపలికి రండి." తువ్వాలు అందించింది. "బండి రేపల్లె వైపు వెళ్లిన కాసేపటికే చెట్టు కూలిందమ్మా. ఈయన ముందు గేట్‌మన్‌కి కేకేసి చెప్పారు. గాలికి గేటు ఫోను పనిచెయ్యక స్టేషనుకి కబురు వెళ్లలేదు. ఆ తర్వాత ముప్పై రెండు మందికీ ఫోన్ చేశారు. ఒక్కరూ వినలేదు."

శ్రీవిద్య తువ్వాలు చేత్తో పట్టుకునే ఉంది.

"ఆయన... ఆటో నడుపుతారా?"

"ఆటోనా!" సుశీల నవ్వబోయి ఆగింది. "ఆయన్ని ఆటో ఎక్కించాలంటేనే ఇద్దరు ఎత్తాలమ్మా."

తలుపు తెర పక్కకి తీసింది.

కిటికీ దగ్గర మంచం మీద ఒకతను పట్టాల వైపు తిరిగి కూర్చుని, ఇంకా ఏదో నంబరు నొక్కుతున్నాడు. మోకాళ్ల కింద కాళ్లు లేవు.

"ఏడేళ్ల కిందట, బండి లేటని ఎవరో చెబితే నమ్మి నిదానంగా స్టేషనుకి వెళ్లి, కదిలే పెట్టె వెంట పరుగెత్తిన మనిషమ్మా" అంది సుశీల, గొంతు తగ్గించి.