ప్రశ్నలడిగే ఆయన

ఎనిమిది నెలలు చెప్పులరిగేలా తిరిగాక ఆ సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకి ఒక ఇంటర్వ్యూ తగిలింది. తెల్లారితే అదే. అన్నగారింట్లో చిన్న గది తలుపు వేసుకుని, లాప్‌టాప్‌లో ప్రశ్నలు మనసులో చదువుకుంటూ, జవాబులు మాత్రం పైకి చెబుతున్నాడు.

అర్ధరాత్రి వదిన తలుపు తట్టింది.

"ఆ ప్రశ్నలడిగే ఆయన్ని కాస్త మెల్లగా అడగమనవయ్యా. పాప ఉలిక్కిపడి లేస్తోంది."

"ఎవరు వదినా? నేనొక్కణ్ణే చదువుకుంటున్నా. ఫోన్ కూడా హాల్లోనే ఉంది."

ఆమె అతని భుజం మీదుగా గదిలోకి చూసింది. గబగబా వెళ్లి తమ గది గడియ పెట్టుకుంది.

అతను లాప్‌టాప్ మూసేసి, కదలకుండా కూర్చున్నాడు. ఇల్లంతా నిశ్శబ్దం.

"పాత ఉద్యోగం ఎందుకు పోయింది?" వెనకనుంచి ఎవరో మర్యాదగా అడిగారు.

అది అతను ఎవరికీ చెప్పని సంగతి. పళ్లు గట్టిగా బిగించాడు. అయినా గదిలో అతని గొంతే నెమ్మదిగా నిజం చెప్పడం మొదలుపెట్టింది.