నెమలినార చెట్టుకు పసుపు

కొట్టెయ్యాలని గుర్తు పెట్టిన చెట్టు మొదట్లో తెల్లారేసరికి అమ్మవారు వెలిసింది!

కబురు వినగానే, సైటులో చెట్ల సంగతి చూసే సౌజన్య పరుగున వచ్చింది. మాదాపూర్ గుట్టల నడుమ కొత్త సాఫ్ట్‌వేర్ భవనానికి రోడ్డు పడాల్సిన దారిలో రెండు పెద్ద చెట్లున్నాయి. ఒకటి వేప. దాన్ని ఆనుకుని నెమలినార. నిన్న సాయంత్రం రెంటికీ ఎర్రరంగు గుర్తు పెట్టింది ఆమే. ఇప్పుడు నెమలినార మొదలంతా పసుపు, ఆ పసుపు మీద కుంకుమబొట్లు. కింద నిలబెట్టిన రాయి, దాని ముందు నిమ్మకాయలు.

చెట్లు కొట్టే మేస్త్రీ యాదయ్య అప్పటికే గొడ్డలి కింద పెట్టేశాడు.

"ఇగ నాతోని గాదు. పసుపు పడ్డంక అమ్మనే. నేను చెయ్యి పెట్ట."

కంపెనీ డైరెక్టర్ శ్రీనివాసరావు కారు దిగుతూనే చెప్పులు విడిచాడు. చెట్టుకు దండం పెట్టుకుని, విసురుగా సౌజన్య వైపు తిరిగాడు.

"నీ పనేనా అమ్మాయ్? చెట్లు కొట్టొద్దని వారం నుంచీ గొడవ చేస్తున్నది నువ్వేనటగా?"

"గొడవ చేసింది నేనే సార్. ఇది మాత్రం నేను చెయ్యలేదు."

"నువ్వేనని తేలిందా, ఇవాళే ఇంటికి పంపించేస్తాను!"

 సౌజన్యకు అటవీశాస్త్రంలో డిగ్రీ చేశాక దొరికిన మొదటి ఉద్యోగమిది. "చెట్లు చదివితే ఏమొస్తాది పాపా? లోకమంతా కంప్యూటర్ల ఎంట పడుతుంటే!" అని నాన్న నారాయణప్ప అనంతపురం నుంచి ఫోన్ చేసినప్పుడల్లా సణుగుతూనే ఉన్నాడు. ఇది పోతే అమీర్‌పేట కోచింగ్ సెంటరే గతి.

ఆశగా చీఫ్ ఇంజనీర్ పార్థసారథి వైపు చూసింది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుంటూ నిలబడ్డాడు. పోయిన వారమూ ఇంతే. ఈ చెట్ల వేళ్ళే గట్టును పట్టుకుని ఉన్నాయనీ, కొట్టేస్తే తొలివానకే మట్టంతా రోడ్డు మీదికి వస్తుందనీ, రోడ్డు కాస్త వంచితే చాలనీ ఆమె గంటసేపు చెప్పింది. అంతా విని, "పైవాళ్ళ ఆర్డరమ్మా, గుర్తు పెట్టెయ్" అన్నాడు, అంతే.

ఇంతలో యాదయ్య నవ్వాడు.

"గీ బిడ్డ జెయ్యలే సార్."

"నువ్వు చూశావా?"

"చూసుడెందుకు? మైసమ్మ యాపచెట్టు కాడనే కూసుంటది గానీ, నెమలినార కాడ కూసుంటదా? పక్కనే యాప ఉండె. దానికి పూస్తే ఎవ్వలికీ అనుమానమే రాకపోతుండె. చెట్ల చదువు జదివిన పిల్లకు గిది ఎర్కలేదా? ఇది చెట్టంటే ఏందో తెల్వనోని పని."

సౌజన్యకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది. ఇన్నాళ్ళకు తన చదువు తనను కాపాడింది!

శ్రీనివాసరావు చెట్టునూ, పక్కనున్న వేపనూ మార్చి మార్చి చూశాడు. మెత్తబడ్డాడు.

"సరే, నువ్వు పని చూసుకో అమ్మాయ్. ఎవరు పూసినా అమ్మవారు అమ్మవారేనండీ. పార్థసారథి గారూ, రోడ్డు పక్కకి తిప్పించండి. ఏ చెట్టు మీదా చెయ్యి వెయ్యొద్దు."

"తిప్పితే ఆలస్యమవుతుంది సార్," అన్నాడు పార్థసారథి మొహం ముడుచుకుని.

"అవనివ్వండీ! అమ్మవారితో పంతమా?"

కారు వెళ్ళిపోయింది. యాదయ్య మనుషులు చెట్ల నీడన చేరి సద్దులు విప్పారు. సౌజన్య వేపమానును చేత్తో నిమిరింది. ఎన్నాళ్ళుగానో లేనంత హాయిగా ఉంది. ఒక్కటే తేలక పార్థసారథి దగ్గరికి వెళ్ళింది.

"సార్, డైరెక్టర్ గారు వచ్చీ రాగానే నన్నే అనుమానించారు. మీరు మాత్రం ఒక్క మాటైనా అడగలేదు. ఎందుకని?"

పార్థసారథి కళ్ళద్దాలు పెట్టుకుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"చీకట్లో అది వేపచెట్టే అనుకున్నానమ్మా!"