ఇనప మారాజు మేత

తెల్లారి ఆరింటికి ట్రాక్టరు ఒక్క మూలుగు మూలిగి ఊరుకుంది.

"బ్యాటరీ," అన్నాడు మొగుడు తల గోక్కుంటూ.

"మొన్నేగా కొత్తది వేయించావు!"

"మొన్నంటే... ఏడాదిన్నర దాటిందే."

ఆవిడ నడుం మీద చెయ్యేసుకుని ఆ ఎర్రటి బండిని ఎగాదిగా చూసింది. ఛీ, అనుకుంది. అది నిలబడేచోట నూనె కారీ కారీ వాకిలంతా నల్లటి జిడ్డు. అక్కడ గడ్డిపరక మొలవడం మానేసి ఎన్నాళ్ళయిందో. దిండు డీజిలు కంపు. తువ్వాలు డీజిలు కంపు. క్యారేజీ మూత తీసినా అదే కంపు. ఇక మొగుడి గోళ్ళలో గ్రీజంటారా, ఎన్ని సబ్బులు అరగదీసినా అది పోయింది లేదు.

"మారాజుగారికి ఇవాళ ఏం కావాలిట? బ్యాటరీతో సరిపెట్టుకుంటారా, టైర్లు కూడా కావాలా?" అంది.

మొగుడు వినపడనట్టు నటించాడు. అందులో ఆయన ఆరితేరాడు.

కొనేటప్పుడు షోరూమువాడు చెప్పింది ఒక్క ధరే. మిగతావన్నీ తర్వాత ఒక్కొక్కటీ వచ్చి గుమ్మంలో కూర్చున్నాయి, పిలవని చుట్టాల్లాగా. ముందు టైర్లు అరిగాయి. అవి వేయిస్తే క్లచ్ ప్లేటు పోయింది. క్లచ్ విప్పిన మెకానిక్కు లోపలికి టార్చి కొట్టి చూసి, పెద్ద డాక్టరులాగా పెదవి విరిచి, "గేరుబాక్సు కూడా చూడాలమ్మా" అన్నాడు. చూశాడు. ఆ ఏడే వాడు ఇంటి మీద ఇంకో అంతస్తు వేసుకున్నాడు. ఇక నెలనెలా వాయిదాలున్నాయి చూశారూ, అవి కట్టిన తీరు గురించి ఎవరైనా మాటెత్తితే చాలు, ఆవిడ లేచి అవతలికి వెళ్ళిపోతుంది.

పోనీ సంపాదించి పెడుతోందా అంటే అదీ లేదు. వీధికో కొత్త ట్రాక్టరు వచ్చింది, కిరాయిలు పడిపోయాయి. మిగిలింది ఒక్కటే పెద్ద బేరం, కాలవ పక్కన ఎనిమిదెకరాలు. అదీ చేజారితే బండిని తుక్కువాడికి తోలెయ్యడమే. మొగుడికి రాత్రింబవళ్ళు అదే గుబులు.

"చేజారనీ. పీడా విరగడవుతుంది," అంటుంది ఆవిడ.

అంటుందిగానీ, ఆ పొలానికి బండి కదిలిందంటే మాత్రం ఆవిడ మడ్‌గార్డు మీద ఎక్కి కూర్చోవాల్సిందే. పక్కింటి వదిన ఊరుకుంటుందా?

"ఏం వదినా, ఒక్కణ్ణీ పంపితే ట్రాక్టరుతో లేచిపోతాడనా మీ ఆయన?"

"లేచిపోడానికి అది స్టార్టవ్వాలిగా!"

అసలు సంగతి మూలలు. ట్రాక్టరు మలుపు తిరిగేచోట పొలం నాలుగు మూలలా కాస్త నేల దున్నకుండా మిగిలిపోతుంది. ఆవిడ పార పట్టుకుని ఆ మూలలు తవ్వి పెడుతుంది. తవ్వమని ఎవరూ అడగలేదు. తవ్వినందుకు పైసా ఇచ్చినవాళ్ళూ లేరు.

ఆ పొద్దున నలుగురు చేతులేసి తోస్తే బండి దగ్గుతూ లేచింది. లేస్తూనే ఆవిడ మొహాన నల్లటి పొగ ఊదింది. ఆవిడ తుపుక్కున ఉమ్మేసి ఎక్కి కూర్చుంది.

పొలం ఆసామి ఎక్కడో పట్నంలో ఉంటాడు. అతను వారం కిందటే పెట్టిన కొత్త మేనేజరు గొడుగేసుకుని గట్టు మీద నిలబడ్డాడు, చెప్పులకి మట్టి అంటకుండా.

దున్నకం సాగింది. పొలం నడిమధ్యకి వచ్చేసరికి మొగుడు ఉన్నట్టుండి వెనక దున్నే పళ్ళు పైకెత్తి, నాలుగడుగులు పోనిచ్చి, మళ్ళీ దించాడు.

"అదేంటమ్మా, అక్కడ వదిలేశాడు? పని ఎగ్గొడుతున్నాడా?" అన్నాడు మేనేజరు.

"అడుగున బండరాయుందయ్యా. తగిలితే పళ్ళు విరుగుతాయి."

"పైకేం కనపడ్డం లేదే!"

"ఏళ్ళ తరబడి దున్నుతున్నాడుగా," అని ఆవిడ మూల తవ్వడంలో పడింది.

పని ముగిసే వేళకి మేనేజరు గొంతు సవరించుకున్నాడు.

"వచ్చే పంటకి మీరు రానక్కర్లేదండీ. కొత్త బండి అతను ఎకరానికి రెండొందలు తక్కువకి వస్తానన్నాడు. అతని బండి మీదానిలా దగ్గదు కూడా."

మొగుడు సీటు దిగి వచ్చాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు.

ఇన్నాళ్ళూ ఆవిడ కోరుకున్నది ఇదే. పీడ వదిలే మాట మేనేజరు నోటే వచ్చింది. సరేనని తలూపి ఇంటిదారి పడితే అయిపోయేది.

"మాకు కిరాయి వద్దయ్యా. డీజిలు పోయించండి, చాలు," అంది.

మొగుడు నోరు తెరిచాడు. "నీకు మతిగానీ పోయిందా? టైర్ల అరుగుదల ఎవడిస్తాడే? ఇంజనాయిలు ఎవడు పోస్తాడు?"

"నువ్వు ఉండవయ్యా."

మేనేజరు ఆవిడ వంక వింతగా చూశాడు. "డీజిలొక్కటే అయితే మీకేం మిగులుతుందమ్మా?"

"ఏం మిగలదు."

"నష్టం కదా మరి!"

"నష్టమే. మూలలు కూడా ఎప్పట్లా నేనే తవ్వి పెడతాను. సరేననండి."

మేనేజరు నవ్వాపుకుంటూ సరేనన్నాడు. ఇలాంటి అమాయకులు రోజూ దొరకరని అక్కడే ఆసామికి ఫోను చేసి చెప్పుకున్నాడు. మొగుడు తలొంచుకున్నాడు. ఆవిడ పార భుజానేసుకుని, తవ్వాల్సిన ఆఖరి మూల వైపు వట్టికాళ్ళతో నడిచిపోయింది.

నాలుగేళ్ళ కిందటిదాకా ఆ పొలం ఆవిడదేనని, ఆ ట్రాక్టరు వాయిదాల కిందే దాన్ని అమ్ముకున్నారని, కొత్తగా వచ్చిన మేనేజరుకి ఎవరూ చెప్పలేదు.