పూతలపట్టులో దిగలేదు

పాస్టరు రాజారత్నం తెల్లచొక్కా మోచేతి దగ్గర మైనం చుక్క కనబడగానే దయామణి చేతిలోని సబ్బు జారి బకెట్లో పడింది.

కొవ్వొత్తి మైనం! ఇంట్లో ఈమధ్య కరెంటు పోయిందే లేదు. పోనీ తమ మందిరంలో అంటిందా అంటే, మొగుడు అక్కడ క్రిస్మస్‌కి కూడా కొవ్వొత్తి ముట్టించనివ్వడు. చొక్కాను ముక్కు దగ్గర పెట్టుకుంది. సాంబ్రాణి వాసన.

తడి చేతులతోనే లోపలికి పరుగెత్తి, బీరువా వెనక దాచిన సంచి తీసి చూసుకుంది. దాచింది దాచినట్టే ఉంది. ప్రాణం కుదుటపడింది కానీ అనుమానం పోలేదు. మళ్లీ బట్టల దగ్గరికొచ్చింది.

"ఏంది మా, మొగం అట్లుండాది?" పక్కింటి మునిరత్నమ్మ గోడ మీదుగా తొంగిచూసింది. "అవునూ, మీ ఇంటాయన సోమారం సోమారం యాడికి పోతాడు?"

"పూతలపట్టుకి. ఏకాంబరన్న పక్షవాతంతో పడుండాడు గదా, ప్రార్థన చేసేదానికి."

"అట్లనా! ఏకాంబరం కోడలు మొన్న కనబడి, అయ్యగారు మా గడప తొక్కి రెండు నెలలాయ అనిందే!"

దయామణి చొక్కా తీసి బకెట్లో ముంచింది.

"నువ్వేమో బేస్తవారం బేస్తవారం మోకాలు సూపించుకునేదానికి తిరపతికి పోతివి. ఆయప్ప సంగతి పట్టించుకుంటివా? ఎంత బైబులు సేతిలో ఉన్నా మగోడు మగోడే తల్లీ!" మునిరత్నమ్మ చెప్పాల్సింది చెప్పేసి చల్లగా లోపలికి పోయింది.

కొవ్వొత్తి అనగానే దయామణికి గుర్తొచ్చింది జయంతి మేరీ టీచరే. ఆర్‌సీఎం గుడికి, అంటే కాథలిక్కుల గుడికి పోయే మనిషి. మొగుడు పోయిన మనిషి. నిరుడు తమ ఒక్కగానొక్క కొడుకు జోయెల్ బావిలో కాలుజారి పోయినప్పుడు, సమాధి మీద కొవ్వొత్తి పెట్టబోయింది ఆవిడే. "పరలోకానికి పోకముందు ఉత్తరించు స్థలంలో ఆత్మలుంటాయి సార్, మనం ప్రార్థిస్తే బయటపడతాయి" అంది.

రాజారత్నం అందరి ముందూ కసిరాడు. "సచ్చిపోయినోళ్లకి ప్రార్థన ఏందమ్మా? ఊపిరి పోయిందంటే తీర్పు అయిపోయినట్టే. అయితే పరలోకం, లేకుంటే నరకం. దిగి బస్సు మారేదానికి మధ్యలో పూతలపట్టు లేదు!"

చిత్తూరు తిరుపతి దారి మధ్యలో బస్సు మారే ఊరు పూతలపట్టు. ఆ మాట ఆయన ప్రసంగాల్లో ఎప్పుడూ ఉండేదే. సంఘమంతా పడీ పడీ నవ్వేది. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు.

అట్లాంటి మనిషికి ఇప్పుడు సాంబ్రాణి వాసనా! దీని వెనక జయంతి ఉంది, సందేహమే లేదు. సంఘానికి తెలిసిందా, పరువూ పాస్టరు పనీ రెండూ గంగలో కలుస్తాయి. దయామణికి ఆ వారమంతా అన్నం సయించలేదు.

సోమవారం రానే వచ్చింది. రాజారత్నం బైబులు చంకన పెట్టుకుని, "పూతలపట్టు పోయొస్తా" అని బయల్దేరాడు. దయామణి వెనకే కదిలింది. సంచి ఇంట్లో వదలడానికి మనసొప్పక అదీ వెంట తీసుకుంది. చిత్తూరు బస్టాండులో ఆయనెక్కిన తిరుపతి బస్సే ఎక్కి, కొంగు తలమీద కప్పుకుని ముందు ఆడవాళ్ల మధ్య నక్కి కూర్చుంది. ఆయన వెనక సీట్లో కిటికీ పక్కన ఉన్నాడు.

పూతలపట్టు వచ్చింది. సగం బస్సు దిగింది. ఆయన దిగలేదు.

ఓరి దేవుడా, నిజమే! దయామణి పళ్లు బిగించి కూర్చుంది.

తిరుపతిలో దిగి ఆయన నేరుగా ఆర్‌సీఎం గుడి ముందు వాకిట్లోంచి లోపలికి పోయాడు. దయామణి పక్క తలుపు తోసుకుని వెళ్లింది. కసువు ఊడుస్తున్న ముసలమ్మ ఆమెను చూసి తలాడించి, పక్కకు జరిగి దారిచ్చింది.

లోపల జయంతి లేదు. ఏ ఆడమనిషీ లేదు. విగ్రహాల పేరెత్తితేనే మండిపడే మొగుడు, మరియమ్మ స్వరూపం ముందు మోకాళ్లూని కొవ్వొత్తి వెలిగిస్తున్నాడు.

"ఏందయ్యా ఇది? ఎవరికోసం? యాడ ఆ జయంతి?"

రాజారత్నం ఉలిక్కిపడి తిరిగాడు.

"జయంతి ఏంది దయా? మన జోయెల్ కోసం."

"వాడు పరలోకంలో ఉండాడని సమాధికాడ నువ్వే గదా చెప్పినావు!"

"జారి పడింటే ఆడనే ఉండును." ఆయన కొవ్వొత్తి వైపు తిరిగాడు. "ఆ పొద్దు బావికాడికి ముందుగా పోయింది నేను. సెప్పులు రెండూ గట్టు మీద జతగా ఇడిసిపెట్టినాడు. జారినోడు సెప్పులు ఇడుస్తాడా? ఒకదాన్ని నేనే నీళ్లలోకి ఇసిరేసినాను. నీకు తెలిస్తే బతకవని."

దయామణి సంచిని గుండెకు హత్తుకుంది.

"తన పాణం తాను తీసుకున్నోడికి నరకమే అని ఎన్నిసార్లు సెప్పినానో నీకు తెల్సు. ఇప్పుడు నా బిడ్డను ఆ నోటితో యాడికి పంపేది? వీళ్లకైతే మధ్యలో ఒక చోటుండాది. నిజంగా ఉండాదో లేదో నాకు తెల్దు. నా బిడ్డ దిగేదానికి ఒక్క పూతలపట్టు ఉంటే సాలు." ఆయన చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. "సంఘంలో సెప్తే సెప్పుకో దయా. సోమారాలు మాత్రం నేను మానలేను."

దయామణి సంచి ముడి విప్పి, తాను మోకాలి నొప్పి వంకతో బేస్తవారం బేస్తవారం వచ్చి ఇదే చోట కొడుకు కోసం వెలిగించే కొవ్వొత్తుల్లోంచి ఒకటి తీసి, ఆయన వెలిగించినదాని పక్కన నిలబెట్టింది.