ఆరో పేరు

“మల్లిక పేరు తీసేయాలె బక్కమ్మా” అన్నాడు వకీలు విజేందర్.

బక్కమ్మ ఒళ్లో ఉన్న గొంగడిని గట్టిగా పట్టుకుంది.

“నా బిడ్డ పేరే తీసేస్తే ఇంక నేనెందుకొచ్చిన సారూ గీడికి?”

వారమంతా హైదరాబాదులో హైకోర్టుకు పోయే విజేందర్ ఆదివారం పూట కల్వకుర్తిలోని ఈ గదిలో కూర్చుంటాడు. బల్ల మీద ఒక కాగితం ఉంది. మూడు వానాకాలాల్లో ఊరి వాగు దాటబోయి కొట్టుకుపోయిన ఆరుగురి పేర్లు దాని మీద ఉన్నాయి. నలుగురి శవాలు దొరికాయి. ఎస్తేరు పెనిమిటి ఏసోబు శవం, బక్కమ్మ బిడ్డ మల్లిక శవం దొరకలేదు.

“ఇది పది మంది కోసం ఏసే కేసు. ఏసెటోళ్లకు సొంత లాభం ఉండొద్దు. నీ బిడ్డ పేరు కనవడ్డదనుకో, సర్కారు వకీలు లేచి ‘ఈమె పైసల కోసం వచ్చింది, కొట్టేయుండ్రి’ అంటడు. పోయినేడు నాదొక కేసు గట్లనే పోయింది. జడ్జి రెండో పేజీ తిప్పలే.”

“పైసలెవలికి గావాలె? నా బిడ్డ ఎవనితోనో లేచిపోయిందని ఊరంత చెప్పుకుంట తిరుగుతుండు అల్లుడు. అది వాగుల పోయిందని సర్కారు కాయితం గావాలె నాకు. గంతే.”

“అయితే ఇంకొకరిని తోలుకరా. వాళ్ల పేరు మీద ఏస్త.”

ఎవరొస్తారు? వాన పడితే మునిగిపోయే వాగు మీది కల్వర్టు కట్టించిన కంట్రాక్టరే ఊళ్లో పెద్దమనిషి. ఎస్తేరు వస్తానని బస్టాండు దాకా వచ్చి, ఆయన జీపు కనపడగానే కడుపునొప్పని తిరిగిపోయింది.

బక్కమ్మ గొంగడి విప్పింది.

“గిది సూడుండ్రి సారూ. గొర్రెపిల్లలకు మందు తెస్తనని దీన్ని నెత్తిన కప్పుకొనే పోయింది. నాలుగొద్దులకు దిగువన తుమ్మకంపకు దొరికింది. గీ ఎర్ర దారం అంచు నేనే కుట్టిన. లేచిపోయేది గొంగడి వాగుల పారేసి పోతదా?”

“నాకు తెలుసు. కోర్టుకు తెల్వొద్దు. దాన్ని మళ్ల తేకు.”

విజేందర్ మంచివాడే. ఈ కేసుకు ఫీజు కూడా వద్దన్నాడు. గొంతు తగ్గించి చెప్పాడు.

“ముందు బ్రిడ్జి పడనీ. ఇంకొకరి బిడ్డ పోకుంటది. కోర్టు ఆర్డరిస్తే తహసీల్దారు ఇంటింటికి విచారణకు రావాలె. అప్పుడు మల్లిక సంగతి చెప్పుకో. ఎవరు కాదంటరు?”

కాగితం మీద ఆరో పేరు కొట్టేశాడు. ఇంకో కాగితం తీసి చదివాడు. “వాగులో కొట్టుకుపోయినవారిలో నా కుటుంబానికి చెందినవారు ఎవరూ లేరు. ఈ కేసులో నాకు సొంత ప్రయోజనం ఏదీ లేదు. దైవసాక్షిగా ప్రమాణం చేస్తున్నాను.”

“మళ్లొకపారి సదువుండ్రి.”

మళ్లీ చదివాడు. బక్కమ్మ వేలిముద్ర వేసింది. సిరా గొంగడికి అంటకుండా వేలు పైట కొంగుకు తుడుచుకుంది.

జడ్జి కేసు తీసుకున్నాడు. ఈమెకు ఇందులో ఏం సంబంధమని సర్కారు వకీలు అడిగితే విజేందర్ ఆ ప్రమాణం చూపించాడు. ఏడాదిలోగా బ్రిడ్జి కట్టాలని, వాగులో పోయినవాళ్లందరి గురించి విచారించి జాబితా రాసి, శవాలు దొరకనివాళ్లకు నెలలోగా మరణ ధ్రువపత్రాలు ఇవ్వాలని ఉత్తర్వు వచ్చింది. ఆ నెలలోనే వాగులో పిల్లర్లకు గుంతలు తవ్వారు. విచారణకొచ్చిన అధికారికి బక్కమ్మ గొంగడి చూపించింది. బిడ్డ పేరు రాయించింది.

కాగితాలిచ్చే రోజు తహసీల్దారు ఆఫీసు వరండాలో అల్లుడు బీరేశ్ ఎదురుపడ్డాడు.

“ఏందత్తా, నీ బిడ్డ అడ్రసు దొరికిందా?”

నలుగురు నవ్వారు.

“ఇయ్యాల దొరుకుతదిరా. ఈడనే ఉండు, పోకు.”

లోపల ఎస్తేరుకు ఏసోబు కాగితం చేతికొచ్చింది. దాన్ని రొమ్ముకు హత్తుకొని ఒక మూలకు పోయి కూర్చుంది. బక్కమ్మ బల్ల దగ్గరికి జరిగింది. గుమస్తా ప్రణీత వయసులో మల్లికంత ఉంటుంది.

“బిడ్డా, జర సూడు. మల్లిక పేరుందా?”

ప్రణీత వేలితో వరుస వెంట దిగింది.

“ఉందవ్వా. ఆరో పేరు.”

మూడేళ్లుగా ఎవరి ముఖమూ చూడలేని బక్కమ్మ తల తిప్పి వరండాలోకి చూసింది. బీరేశ్ నవ్వు ఆపి గుమ్మం దగ్గరికొచ్చాడు.

“ఏం రాసిండ్రో గట్టిగ సదువు బిడ్డా. ఆ వాకిట్ల నిలవడ్డోనికి ఇనవడాలె.”

ప్రణీత కళ్లు కాగితం మీద కిందికి దిగి, మళ్లీ పైకొచ్చాయి.

“అవ్వా, ఇంటికి తీసుకపోయి సదివించుకోరాదు?”

“మూడేండ్లు ఆగిన. ఇంక ఆగ. సదువు.”

ప్రణీత చదివింది.

“ఆరు. మల్లిక. తన కుటుంబంలో ఎవరూ వాగులో కొట్టుకుపోలేదని తల్లి బక్కమ్మ హైకోర్టులో దైవసాక్షిగా ప్రమాణం చేసినందున, ఈమె పరపురుషునితో ఇల్లు విడిచి వెళ్లిందన్న భర్త మాట నిజమని నిర్ధారించడమైనది.”