పక్కనే ఇంకో వేలిగుర్తు

అక్క పై వార్డులో మత్తులో ఉంది. రెండు రోజుల పాపాయి దగ్గర ఈ రాత్రి నేనే ఉన్నాను. అద్దాల పెట్టెలో దూదిపింజలా పడుకుంది. బీపీ పెంచే మందు సన్నటి గొట్టంలోంచి ఎక్కుతోంది.

"ఒంట్లో ఆక్సిజన్ తగ్గితే ఆ మందు సరిగా పనిచేయదు, బుల్లి పిన్నీ," అంది నర్సక్క. "ఛాతీ మీద వేలితో మెల్లగా నొక్కి తియ్యి. తెల్ల మచ్చ మూడు లెక్కపెట్టేలోపు ఎర్రబడితే రక్తం బాగా తిరుగుతున్నట్టే. ఆలస్యమైతే నన్ను కేకెయ్యి. అసలు నీకు నోరుందా?"

సిగ్గుతో నవ్వాను. ఆమె పక్క గదిలోకి వెళ్లింది. పెట్టె పక్కనున్న యంత్రం చప్పుడు నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టుంది.

నొక్కి, చేయి బయటికి తీసి లెక్కపెట్టాను. ఐదు దాటాక గానీ మచ్చ పోలేదు. కేకేద్దామని నోరు తెరిచేసరికి, అది ఉన్న చోటు పక్కనే ఇంకో తెల్ల మచ్చ పడింది. నా వేలికంటే వెడల్పుగా ఉంది.

అది రెండు లెక్కపెట్టేలోపే ఎర్రబడింది. యంత్రం తెర మీద ఆక్సిజన్ అంకె మెల్లగా పెరిగింది. దాని వెనకే బీపీ కూడా పెరిగింది. పాపాయి నిద్రలో నవ్వింది.

"ఏమ్మా, బాగానే ఉందా?" నర్సక్క గొంతు.

నిజం చెబితే ఆ కనిపించని చెయ్యి వెళ్లిపోతుందేమోనని భయమేసింది.

"బాగుందక్కా," అన్నాను.

అప్పుడు నా మణికట్టు మీద ఎవరో మెత్తగా నొక్కి వదిలారు. తెల్ల మచ్చ పడింది. ఇరవై దాకా లెక్కపెట్టాను. ఇంకా తెల్లగానే ఉంది.