ఎదుటి కిటికీ పాఠాలు

"పిన్నీ, లారీ వచ్చింది. మీ గురువుగారి సామాను మేడ మీంచి దింపుతున్నారు."

కిటికీ దగ్గర నుంచి అక్క కూతురు కేకేసింది. పిన్ని కడుగుతున్న గిన్నె కడుగుతున్నట్టే వదిలేసి పరుగెత్తుకొచ్చింది. నిజమే. ఎదుటి మేడ ముందు లారీ ఆగి ఉంది. మంచం, కుర్చీలు, మూటలు ఒక్కొక్కటే మెట్లు దిగుతున్నాయి.

"ఖాళీ చేసేస్తున్నారే. నాతో ఒక్క మాటైనా అనలేదే."

"ఇన్నాళ్లలో ఎప్పుడు మాట్లాడుకున్నారు గనక, ఇప్పుడు చెప్పడానికి?"

అదీ నిజమే. ఆయన పేరు కూడా పిన్నికి తెలియదు.

పిన్ని కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైంది. పని పోయినా వేళ్లు ఊరుకోలేదు. కంచం అంచు మీద, మోకాలి మీద, చివరికి నిద్రలో దుప్పటి మీద కూడా టకటకలాడేవి. "వాటికేదో ఒక పని చెప్పు పిన్నీ, చూడలేక చస్తున్నాను" అని అక్క కూతురే ఆమెను వాద్యాల కొట్టుకి లాక్కెళ్లింది.

కొట్టాయన బల్ల నిండా వేణువులు పరిచాడు. నిలువుగా పట్టి ఈలలా ఊదే చెక్కవి. మీటలతో వెండిలా మెరిసే లోహపువి. సన్నగా కీచుమనే పొట్టి వెదురువి. గుండెలోంచి వచ్చినట్టు పలికే పొడుగువి.

"కొన్ని దేశాల్లో ముక్కుతో ఊదేవి కూడా ఉంటాయమ్మా" అన్నాడు.

"అదే ఇవ్వండి, మా పిన్నికి జలుబు వదిలిపోతుంది" అంది అక్క కూతురు.

పిన్ని అడ్డంగా పట్టే పొడుగు వెదురుది తీసుకుంది. ఇంటికి తెచ్చి, వెలుతురు కోసం కిటికీ దగ్గర కూర్చుని ఊదితే గాలి తప్ప నాదం రాలేదు. నిప్పు రాజేస్తున్నట్టు ఉఫ్ ఉఫ్ అనడమే. ఇక అటక మీద పడేద్దామనుకుంటున్న రోజుల్లో, ఎదుటి కిటికీలో ఆయన కనిపించాడు. పెదవుల దగ్గర అచ్చం అలాంటి పొడుగు వేణువు.

వెతకబోయిన గురువు ఎదురింట్లోనే దొరికాడు.

కింద బస్సుల రొద. రెండు కిటికీలకూ అద్దాలు మూసే ఉంటాయి. ఆయన పాట ఒక్కనాడూ వినబడలేదు. కనబడేవి వేళ్లే. పిన్ని వాటినే చూసింది. ఎంత మంచి గురువో. శిష్యురాలు మొదలుపెట్టందే తను మొదలుపెట్టడు. ఆమె తప్పు చేస్తే విసుక్కోడు, ఆ తప్పేమిటో తెలిసేలా నిదానంగా అలాగే చేసి చూపిస్తాడు. ఒక సాయంత్రం ఆయన వేణువును కాస్త బయటికి వంచితే ఆమె కూడా వంచింది. మొదటిసారి నాదం పలికింది. ఆ క్షణంలో ఎదుట ఆయన మొహం కూడా చిచ్చుబుడ్డిలా వెలిగిపోయింది.

"బొమ్మల్లో అందరూ కుడివైపుకి పట్టుకుంటున్నారు. నువ్వేంటి ఎడమవైపుకి?" అని అక్క కూతురు ఆటపట్టించేది.

"ఎదురుగా చూసి నేర్చుకుంటే అంతేనే. అద్దంలో చూసి పాపిడి తీసుకున్నట్టు."

ఇప్పుడు ఆ అద్దం లారీ ఎక్కుతోంది.

పిన్నిని వదిలి వెళ్లినవాళ్లెవరూ చెప్పి వెళ్లలేదు. భర్త పనికని వెళ్లి తిరిగి రాలేదు. అక్క ఆసుపత్రి మంచం మీద నుంచి "పొద్దున్నే రా" అని, పొద్దుటిదాకా ఆగలేదు. ఈసారి మాత్రం ఊరుకోదలచుకోలేదు. ఆయన పాట ఒక్కసారి చెవులారా వినాలి. వినే పంపాలి.

"నా చెప్పులేవే?"

"కాళ్లకే ఉన్నాయి పిన్నీ."

వేణువు చేత్తో పట్టుకుని ఆమె మెట్లు దిగుతుంటే అక్క కూతురు వెనకాల పరుగు. బస్సుని చెయ్యి చూపించి ఆపి మరీ వీధి దాటారు.

ఆయన లారీ పక్కనే నిలబడి ఉన్నాడు. నెరిసిన జుట్టు, మడిచిన చొక్కా చేతులు. సామానంతా ఎక్కేసినా తువ్వాలులో చుట్టిన వేణువు మాత్రం చంకలోనే ఉంది. ఆమెను చూడగానే ఒక్కసారిగా నిటారుగా నిలబడ్డాడు.

"వెళ్లిపోతున్నారా?" అంది పిన్ని.

"అమ్మాయి వాళ్ల ఊరికండీ. ఒక్కణ్ణే ఉంటే ఊరుకోనంటోంది."

"ఒక్కసారి ఊదండి. ఇన్నాళ్లూ చూడటమే గాని వినలేదు."

ఆయన కంగారుపడ్డాడు. "నేనా? మీ ముందా?"

నిండుకుండ తొణకదు అనుకుంది పిన్ని. "కాదనకండి. ఇది వినకపోతే నాకు నిద్ర పట్టదు."

"నేనూ అదే అడుగుదామని లారీని ఆపించానండీ. మీరే ఊదాలి."

డ్రైవరు హారను కొట్టాడు. "సారూ, ఎక్కుతారా, నన్నొక్కణ్ణే పొమ్మంటారా?"

"మీరు ముందంటే మీరు ముందని తేలేలోగా లారీకి తుప్పు పడుతుంది" అంది అక్క కూతురు.

"నాకేం వచ్చని ఊదను?" అంది పిన్ని. "మీలాంటి విద్వాంసుల ముందు నేనూదితే వీధి వీధంతా నవ్వుతుంది."

ఆయన తువ్వాలు విప్పి, వేణువును రెండు చేతుల్లో పట్టుకుని ఆమె ముందు తల వంచాడు.

"మిమ్మల్ని చూసే నేర్చుకున్నానండీ, గురువుగారూ."